పాట ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది?

(చెన్నైలో తెలుగు కుటుంబాల సమావేశంలో, పిల్లలకు సింఫనీ ఆర్కెస్ట్రా సంగీతాన్ని పరిచయం చేయడం గురించి ఒక వయొలిన్ ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. ఆదివారం పూట పిల్లలను వెంటబెట్టుకుని వచ్చిన తల్లిదండ్రులకు, మనవలను తీసుకువచ్చిన తాతయ్యలకు, అమ్మమ్మలకు, నాయనమ్మలకు, ముందు వరుసల్లో కూర్చున్న పిల్లలకు నా నమస్కారాలు. నేను ఈ నగరంలో పిల్లలకు వయొలిన్ నేర్పుతాను. సింఫనీ ఆర్కెస్ట్రాలు, అంటే పెద్ద పాశ్చాత్య వాద్యబృందాలు, వేదిక మీద ప్రత్యక్షంగా వాయించే సంగీతాన్ని పిల్లలకు ఎలా పరిచయం చేయాలో చెప్పమని నిర్వాహకులు అడిగారు. ఈ విషయంలో నాకు బలమైన అభిప్రాయం ఒకటి ఉంది కనుక దాన్ని ముందే చెప్పి, మిగిలిన సమయమంతా అందుకు కారణాలు వివరిస్తాను. పిల్లలకు ఈ సంగీతం గురించి పాఠాలు చెప్పనక్కరలేదు. వాద్యకారుల చేతులు కనిపించే చోట వారిని కూర్చోబెట్టి, ఒకే ఒక ప్రశ్న ఇచ్చి, మిగతాది వారి కళ్ళకూ చెవులకూ వదిలేయాలి. ఆ ప్రశ్న ఇది: "పాట ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది?"

మన పిల్లలు ఆర్కెస్ట్రా నాదం ఎరగనివారని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. అది నిజం కాదు. సినిమా నేపథ్య సంగీతంలో, కార్టూన్లలో, ఫోన్‌లో ఆడే ఆటల్లో, చివరికి ప్రకటనల్లో కూడా వయొలిన్ల సమూహం, ఫ్రెంచ్ హార్న్‌లనే ఇత్తడి కొమ్ములు, టింపనీలనే పెద్ద భేరీలు వారికి ఊహ తెలిసినప్పటి నుంచీ వినిపిస్తూనే ఉన్నాయి. వారు చూడనిది ఆ నాదం వెనుక ఉన్న మనుషులను. ఒక మీట నొక్కితే ఒక యంత్రం నుంచి ఈ ధ్వని వస్తుందని వారు అనుకుంటున్నారు. ఇవాళ చాలా సందర్భాల్లో అది నిజం కూడా, ఎందుకంటే ముందే రికార్డు చేసి పెట్టిన స్వరాలను కంప్యూటర్‌లో కీబోర్డు మీద వాయించి మొత్తం వాద్యబృందం వాయించినట్టు వినిపించడం ఇప్పుడు మామూలు పద్ధతి.

ఈ నగరంలో ఒకప్పుడు పరిస్థితి అలా ఉండేది కాదు. 1950, 60 దశకాల్లో తెలుగు సినిమా పాటలు ఎక్కువ భాగం మద్రాసులోనే, వాహినీ, ఏవీఎం, జెమినీ, భరణీ వంటి స్టూడియోలలోనూ, తరువాత ప్రసాద్‌లోనూ రికార్డయ్యాయి. సాలూరి రాజేశ్వరరావు, పెండ్యాల నాగేశ్వరరావు, ఘంటసాల వంటి సంగీత దర్శకులు పాట కట్టిన తరువాత గాయకులు, వయొలిన్ వాద్యకారులు, ఫ్లూట్, క్లారినెట్, సితార్, తబలా వాయించేవారు అందరూ ఒకే హాలులో, ఒకే సమయంలో, మొదటి నుంచి చివరి వరకు ఆగకుండా వాయిస్తేనే పాట పూర్తయ్యేది. ఒక్కరు తప్పినా అందరూ మళ్ళీ మొదటికి రావలసిందే. ఆ వయొలిన్ వరుసల్లో చర్చి సంగీతంలో పెరిగి స్వరలిపి చూసి వాయించగలిగినవారు ఉండేవారు, కర్ణాటక సంగీతం నేర్చుకుని జీవనోపాధి కోసం స్టూడియోకు వచ్చినవారూ ఉండేవారు. రికార్డు మీద గాయకుల పేరు, సంగీత దర్శకుడి పేరు ఉండేవి. వయొలిన్లు వాయించినవారి పేర్లు ఉండేవి కావు. మన తాతల తరం ఆ పాటల కోసం ప్రాణం పెట్టింది కాని, ఆ వాద్యబృందం కూర్చుని వాయిస్తుండగా చూసిన తెలుగు శ్రోతలు ఎందరుంటారు? మన ఇళ్ళలో ఆర్కెస్ట్రా వినికిడి మూడు తరాలుగా ఉంది, చూపు మాత్రం లేదు. ఆ లోటును పిల్లల తరంలోనైనా తీర్చాలన్నదే నా కోరిక.

"ఇది మన సంగీతం కాదు కదా, పిల్లలు కర్ణాటక సంగీతం నేర్చుకుంటే చాలదా" అని అడిగే పెద్దలకు నేను గౌరవంగా ఒక విషయం గుర్తు చేస్తాను. మీ పిల్లలు పాట క్లాసులో తొలి రోజుల్లో నేర్చుకునే "శక్తి సహిత గణపతిం" ఎక్కడి నుంచి వచ్చింది? ముత్తుస్వామి దీక్షితుల కుటుంబం మన చెన్నై శివార్లలోని మణలిలో ఉన్న కాలంలో, సెయింట్ జార్జి కోటలో ఆంగ్లేయుల బ్యాండు వాయించే పాటలను ఆయన విన్నారు. ఆ బాణీలకు సంస్కృత సాహిత్యం కూర్చారు. వాటినే మనం నోట్టుస్వరాలు అంటున్నాం. దాదాపు 40 నోట్టుస్వరాలు మనకు దక్కాయి. బ్రిటిష్ జాతీయ గీతం బాణీలో ఆయన "సంతతం పాహిమాం సంగీత శ్యామలే" అని పాడుకున్నారు. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఆ రోజుల్లోనే ఒక ఐరోపా వాద్యకారుడి దగ్గర వయొలిన్ నేర్చుకున్నారు. ఇవాళ వయొలిన్ లేని కర్ణాటక కచేరీని మనం ఊహించలేకపోతున్నామంటే దానికి మూలం ఈ నగరంలో జరిగిన ఆ వినికిడే. అంత శాస్త్రజ్ఞానం ఉన్న దీక్షితులవారు కోట బ్యాండును చెవియొగ్గి విన్నారు కాబట్టి, మన పిల్లలు వినడానికి వేరే అనుమతి అక్కరలేదని నా నమ్మకం.

తెలుగువారి వైపు నుంచి ఇంకొక పేరు చెప్పి ముందుకు వెళ్తాను. వీణా విద్వాంసులు ఈమని శంకరశాస్త్రి గారు మద్రాసులో జెమినీ స్టూడియోలో పనిచేశారు, తరువాత ఢిల్లీ ఆకాశవాణిలో జాతీయ వాద్యబృందానికి స్వరరచన చేసి నిర్వహించారు. వీణ పట్టిన చేయే అంతమంది వాద్యకారులను నడిపింది. ఆకాశవాణి ఆ వాద్యబృందాన్ని 1952లో మొదలుపెట్టింది.

ఇక హాలులోకి వెళ్దాం. పూర్తి స్థాయి సింఫనీ ఆర్కెస్ట్రాలో 80 నుంచి 100 మంది దాకా ఉంటారు. పిల్లలు లోపలికి అడుగుపెట్టేసరికి కొందరు వాద్యకారులు అప్పటికే వేదిక మీద కూర్చుని, ఎవరికి వారు కష్టమైన చోట్లను వాయించి చూసుకుంటూ ఉంటారు. అందుకే మీరు పది నిమిషాలు ముందుగా వెళ్ళండి. కాసేపటికి అందరూ ఆగిపోతారు, ఒబో అనే వాద్యం ఒక్కటే ఒక స్వరం పట్టుకుంటుంది. ఒబోకు నోట పెట్టి ఊదే పీక మన నాదస్వరం పీకలాగే రెండు పొరలు గలది, అందుకే దాని గొంతు అంత నిలకడగా, అంత స్పష్టంగా ఉంటుంది. అది ఇచ్చే స్వరం సెకనుకు సుమారు 440 కంపనాలది, మిగిలిన అందరూ దానికి శ్రుతి కలుపుకుంటారు. కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్న పిల్లవాడు ఇక్కడ తప్పకుండా అడుగుతాడు: "మా మాస్టారు ఒకటిన్నర కట్ట శ్రుతికి పాడతారు, ఇంకో అక్క అంతకంటే ఎత్తుగా ఆరు కట్ట శ్రుతికి పాడుతుంది, వీళ్ళందరూ ఒకే శ్రుతికి ఎందుకు కట్టుబడ్డారు?" అది చాలా మంచి ప్రశ్న. మన కచేరీలో శ్రుతి గాయకుడి గొంతును బట్టి మారుతుంది, మిగతావారు దానికి అనుగుణంగా బిగించుకుంటారు. ఇక్కడ క్లారినెట్, ట్రంపెట్ వంటి గొట్టపు వాద్యాల పొడవు తయారీలోనే దాదాపు స్థిరపడిపోతుంది కనుక, అంతమంది కలవాలంటే అందరికీ ఒక ఉమ్మడి స్వరం ముందే నిర్ణయించుకోక తప్పదు.

వయొలిన్ల దగ్గర పిల్లలు ఎక్కువసేపు ఆగుతారు. మన ఇళ్ళలో వయొలిన్ అంటే ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఫోటో గుర్తుకొస్తుంది. నేల మీద కూర్చుని, వయొలిన్ తలను కుడి పాదం మీద ఆనించి, రెండో కొసను ఛాతీకి తగిలించి వాయించే తీరు అది. అలా వాద్యం రెండు చివర్లా కదలకుండా ఉంటుంది కాబట్టి ఎడమ చేతికి దాన్ని మోసే పని ఉండదు, వేళ్ళు తీగ పొడవునా స్వేచ్ఛగా జారి గమకాలు పలికించగలవు. ఆర్కెస్ట్రాలో అదే వాద్యాన్ని కుర్చీలో కూర్చుని గడ్డం కింద పట్టుకుంటారు. తీగల బిగింపు కూడా వేరు: మనం షడ్జ పంచమాలకు బిగిస్తాం, వారు నాలుగు తీగలనూ ఒక్కొక్కటి ముందుదానికి పంచమంగా బిగిస్తారు. ఒకే కర్రపెట్టె, ఒకే కమాను, రెండు దేశాల్లో రెండు రకాలుగా పలకడాన్ని కళ్ళతో చూసిన పిల్లకు సంగీత చరిత్రలో ఒక అధ్యాయం పుస్తకం తెరవకుండానే తెలిసిపోతుంది. తరువాత కమానుల వైపు చూడమనండి. మొదటి వయొలిన్ల వరుసలో పదిమందికి పైగా ఉన్నా కమానులన్నీ ఒకేసారి పైకి, ఒకేసారి కిందికి కదులుతాయి. ఏ స్వరానికి కమాను ఎటు లాగాలో వరుసకు ముందు కూర్చున్న ప్రధాన వాద్యకారులు నిర్ణయించి, అందరి స్వరలిపి పత్రాల మీద గుర్తులు పెట్టిస్తారు. ప్రతి ఇద్దరికీ ఒక స్వరలిపి స్టాండు ఉంటుంది. పేజీ తిప్పవలసి వచ్చినప్పుడు ఆ జంటలో లోపలి వైపు కూర్చున్నవారు వాయించడం ఆపి పేజీ తిప్పుతారు, ఇంకొకరు ఆపకుండా కొనసాగిస్తారు. నా విద్యార్థుల్లో చాలామందికి మొదటి కచేరీ నుంచి గుర్తుండిపోయింది ఈ పేజీ తిప్పే ఏర్పాటే, నేను దాన్ని చిన్న విషయంగా ఎంచను.

ఇంతమంది వయొలిన్లు ఎందుకని మరొక ప్రశ్న వస్తుంది. పదిమంది వాయిస్తే పది రెట్లు గట్టిగా వినిపిస్తుందని మనం అనుకుంటాం. మన చెవి అలా లెక్కించదు. పది వయొలిన్లు కలిసి వాయిస్తే ఒక వయొలిన్ కంటే సుమారు రెండింతలు గట్టిగా మాత్రమే వినిపిస్తుంది. అసలు లాభం గట్టిదనంలో లేదు. పదిమంది ఒకే స్వరం వాయించినా ఒకరి వేలికీ మరొకరి వేలికీ వెంట్రుకవాసి తేడా ఉంటుంది, ఒకరి కమాను మరొకరి కంటే లిప్తపాటు ముందు తగులుతుంది, ఆ చిన్న తేడాలన్నీ గాలిలో కలిసి ఒక మెరుపు, ఒక నునుపు పుట్టిస్తాయి. సంపూర్ణంగా ఒకటే అయిన పది ధ్వనులను కలిపితే ఆ మెరుపు రాదు. హాలులో కూర్చున్న చెవికి ఇది వెంటనే అందుతుంది, ఎందుకంటే ఆ ధ్వని పది వేర్వేరు చోట్ల నుంచి బయలుదేరి, గోడలకూ పైకప్పుకూ తగిలి వస్తుంది. ఫోన్ స్పీకరులో అదంతా ఒక్క రంధ్రం నుంచి వస్తుంది. ప్రత్యక్ష సంగీతం గొప్పదని మనం నమ్మకంగా చెబుతూ ఉంటాం. దానికి భౌతికమైన కారణం కూడా ఉందని పిల్లలకు తెలియాలి.

పెళ్ళి ఊరేగింపుల్లో బ్యాండుమేళం చూసిన పిల్లలకు క్లారినెట్, ట్రంపెట్ కొత్త కావు, వాటిని వేదిక మీద తామే గుర్తుపట్టనివ్వండి. ఫ్రెంచ్ హార్న్ చుట్టలను విప్పి చాపితే సుమారు 12 అడుగులు ఉంటుందనీ, బసూన్ అనే ఊదే వాద్యం మడతపెట్టిన ఎనిమిది అడుగుల పైచిలుకు గొట్టమనీ చెబితే చాలు, మిగతా వివరాలు అవసరం లేదు.

ఇప్పుడు నా ప్రశ్నకు వస్తాను. కర్ణాటక సంగీతంలో పాట ఒక్కటే, అందరూ దాన్నే అనుసరిస్తారు, వెనుక తంబూరా శ్రుతి ఉంటుంది. ఆర్కెస్ట్రాలో ఒకే క్షణాన వేర్వేరు వాద్యాలు వేర్వేరు స్వరాలు పలుకుతాయి, పాట ఒక గుంపు చేతిలో నుంచి మరొక గుంపు చేతిలోకి వెళుతుంది, మిగిలినవారు దాన్ని మోస్తారు, దానికి జవాబిస్తారు, కొన్నిసార్లు దానితో వాదిస్తారు. అలవాటు లేని చెవికి ఇది గందరగోళం. పాట ఎవరి దగ్గర ఉందో వెతకడం మొదలుపెట్టగానే గందరగోళం విడిపోతుంది, ఎందుకంటే అది వెతకగలిగిన విషయం, కంటికి కనిపించే విషయం.

దీనికి నేను ఇంట్లోనే చేయించే అభ్యాసం ఒకటి ఉంది. సింఫనీ అంటే ఆర్కెస్ట్రా కోసం కొన్ని భాగాలుగా రాసే పెద్ద రచన. బీథోవెన్ తొమ్మిదవ సింఫనీ 1824లో వియన్నాలో తొలిసారి వినిపించింది. దాని చివరి భాగంలో వచ్చే ప్రసిద్ధమైన పాటను మన శంకరాభరణ స్వరాల్లో హాయిగా పాడుకోవచ్చు: గ గ మ ప, ప మ గ రి, స స రి గ, గ రి రి. అన్నీ పక్కపక్క స్వరాలే కాబట్టి సరళీస్వరాలు వచ్చిన పిల్ల పది నిమిషాల్లో నేర్చుకుంటుంది. కుటుంబమంతా కలిసి ఒక వారం పాటు ఆ స్వరాలు పాడండి. అమ్మమ్మ పాడితే మరీ మంచిది. ఆ తరువాతే ఆ భాగాన్ని వినిపించండి. మొదట పాట వయొలిన్ కుటుంబంలోనే పెద్దవైన చెల్లోలు, డబుల్ బేస్‌ల దగ్గర, మంద్ర స్థాయిలో, ఏ తోడూ లేకుండా మొదలవుతుంది. రెండోసారి వయొలిన్ కంటే కాస్త పెద్దవైన వయోలాలు అందుకుంటాయి, పక్కన బసూన్ తనదైన మరో పాట పాడుతూ ఉంటుంది. మూడోసారి వయొలిన్లకు చేరుతుంది. నాలుగోసారి ట్రంపెట్లతో సహా బృందమంతా ఎత్తుకుంటుంది. "ఇప్పుడు ఎవరి దగ్గర?" అని నాలుగుసార్లు అడగండి. ఆ నాలుగు ఆవృత్తాలు వినడానికి నాలుగు నిమిషాల లోపే పడుతుంది. సింఫనీ మొత్తం గంటకు పైగా సాగుతుంది కనుక ఆరేళ్ళ పిల్లవాడిని దానికంతటికీ కూర్చోబెట్టమని నేను అనడం లేదు. తనకు కంఠస్థమైన పాటను ఎనభైమంది మనుషులు ఒకరికొకరు అందించుకోవడం అతడు ఒక్కసారి చూస్తే చాలు.

కథలతో పరిచయం చేయవచ్చా అని అడుగుతారు. చేయవచ్చు, అందుకోసమే పుట్టిన మంచి రచనలు ఉన్నాయి. మాస్కోలో బాలల నాటకశాల నడిపిన నటాలియా సాట్స్ కోరిక మీద ప్రొకోఫియెవ్ 1936లో "పీటర్ అండ్ ది వుల్ఫ్" రాశాడు. అందులో పిట్ట ఫ్లూట్, బాతు ఒబో, పిల్లి క్లారినెట్, తాతయ్య బసూన్, తోడేలు మూడు ఫ్రెంచ్ హార్న్‌లు, కుర్రవాడు పీటర్ తంత్రీ వాద్యాల బృందం. కథ అరగంటలోపు ముగుస్తుంది, కథకుడు మాటలు చెబుతూ ఉంటాడు కాబట్టి ఆ మాటలను తెలుగులో చెప్పుకోవడానికి అడ్డేమీ లేదు. ఇంట్లో మీరే కథకులు కావచ్చు. సెంసాన్స్ 1886లో రాసిన "కార్నివాల్ ఆఫ్ ది యానిమల్స్" కూడా అలాంటిదే, అందులో డబుల్ బేస్ ఏనుగవుతుంది, చెల్లో హంసవుతుంది.

అయితే కథ దగ్గరే ఆగిపోవద్దని నా మనవి. అమెరికన్ సంగీతకారుడు లియొనార్డ్ బెర్న్‌స్టైన్ న్యూయార్క్ ఫిల్హార్మొనిక్ ఆర్కెస్ట్రాతో 1958 నుంచి 1972 వరకు పిల్లల కోసం 53 కచేరీలు టెలివిజన్‌లో నడిపాడు. మొదటి కచేరీలోనే సంగీతానికి అర్థం ఏమిటన్న ప్రశ్న తీసుకున్నాడు. జైలులో ఉన్న అమాయకుడిని సూపర్‌మ్యాన్ విడిపించే కథ ఒకటి కల్పించి, దానికి సరిపోయేలా ఆర్కెస్ట్రాతో వాయింపించాడు, పిల్లలు పూర్తిగా నమ్మారు. తరువాత అసలు సంగతి బయటపెట్టాడు: అది రిచర్డ్ స్ట్రాస్ డాన్ కిహోటే అనే స్పానిష్ నవల కథ మీద రాసిన సంగీతం. అవే స్వరాలు రెండు కథలకూ చక్కగా అమిరాయంటే, సంగీతం బాగుండడానికి కారణం కథ కాదని, స్వరాల నడకేనని అతడు పిల్లలకు నిరూపించి చూపాడు. పెద్దవారితో మాట్లాడినంత గౌరవంగా, ఒక్కో కచేరీకి ఒక్కో కష్టమైన ప్రశ్న తీసుకుని పిల్లలతో మాట్లాడడం అతని గొప్పతనం. తోడేలు కథ విన్న పిల్ల మరుసటి ఏడు కథ లేని సంగీతం కూడా వినాలి, అప్పుడు ఆమె చేతిలో మిగిలేది నేను చెప్పిన ప్రశ్నే.

చూడడానికి ఏదో జరిగే రచనలను వెతుక్కుంటే పిల్లలు విసుగు చెందరు. హైడ్న్ 1772లో రాసిన "ఫేర్‌వెల్" (వీడ్కోలు) సింఫనీ నాకు అన్నిటికంటే ఇష్టం. ఆయన యజమాని ఎస్టర్‌హాజీ ప్రభువు వేసవి భవనంలో నెలల తరబడి ఉండిపోవడంతో, భార్యాబిడ్డలను వదిలివచ్చిన వాద్యకారులు ఇంటి కోసం బెంగపెట్టుకున్నారు. నోటితో అడగలేక హైడ్న్ సంగీతంతో అడిగాడు. చివరి భాగంలో ఒక్కొక్కరు తమ వంతు ముగించి, ముందున్న కొవ్వొత్తి ఆర్పి, లేచి వెళ్ళిపోతారు. ఆఖరికి రెండు వయొలిన్లే మిగులుతాయి. ప్రభువుకు విషయం అర్థమై మరునాడే ప్రయాణం కట్టించాడని చెబుతారు. పిల్లలకు ఇంతకంటే ఆసక్తి కలిగించే ముగింపు నాకు తెలియదు, వారు ఎవరు లేస్తారా అని చూస్తూ, తెలియకుండానే ఒక్కో వాద్యం తగ్గినప్పుడు నాదం ఎలా పలచబడుతుందో వింటారు. ద్వోర్జాక్ "న్యూ వరల్డ్" సింఫనీ 1893లో న్యూయార్క్‌లో మొదటిసారి వాయించబడింది. అందులో తాళపు చిప్పలు, అంటే సింబల్స్, మొత్తం మీద ఒకే ఒక్కసారి, అది కూడా మెత్తగా, చివరి భాగంలో మోగుతాయి. ఆ వాద్యకారుడిని గమనిస్తూ ఉండమని చెబితే పదేళ్ళ పిల్లవాడు ముప్పావు గంట కదలడు.

సీటు విషయం. చేతులు కనిపించే చోట అన్నానని మొదటి వరుస టిక్కెట్లు కొనకండి. అక్కడి నుంచి ముందున్న వయొలిన్ వారి బూట్లు తప్ప వెనుక ఉన్న ఒబోలు, హార్న్‌లు, టింపనీలు కనిపించవు. బాల్కనీ ముందు వరుసగానీ, వేదికకు పక్కగా కాస్త ఎత్తున ఉన్న చోటుగానీ పిల్లలకు మేలు, ధర కూడా సాధారణంగా తక్కువే ఉంటుంది. కండక్టర్, అంటే వాద్యకారుల ఎదుట నిలబడి చేతులతో బృందాన్ని నడిపే వ్యక్తి, ముఖం కనిపించే పక్క సీటు దొరికితే అదృష్టమే. శబ్దం చేయని ఆ ఒక్క మనిషి చెయ్యి నాదం కంటే ముందుగా కదులుతుందని పిల్లలు అక్కడి నుంచే పసిగట్టగలరు.

చప్పట్ల గురించి పెద్దలు అనవసరంగా భయపడుతున్నారు. సింఫనీలో సాధారణంగా నాలుగు భాగాలు ఉంటాయి, ఇప్పటి ఆచారం ప్రకారం భాగాల మధ్య చప్పట్లు కొట్టరు, కండక్టర్ చేతులు దించి మన వైపు తిరిగాక కొడతారు. పిల్లవాడు మధ్యలో కొడితే సిగ్గుపడవలసిన పని లేదు. మొజార్ట్ 1778లో పారిస్ నుంచి తండ్రికి రాసిన ఉత్తరంలో, తన సింఫనీ ఇంకా నడుస్తుండగానే జనం చప్పట్లు కొట్టారని సంతోషంగా రాసుకున్నాడు. మన సభల్లో సంగతి బాగా పడితే శభాష్ అంటాం, తొడ మీద తాళం వేస్తాం. ఆ తాళం ఇక్కడ కూడా చప్పుడు కాకుండా వేయనివ్వండి. చేతిలో లయ ఉన్న పిల్ల నిశ్చలంగా కూర్చున్న పిల్ల కంటే ఎక్కువ వింటోందని నా అనుభవం. విరామం దాకా విని ఇంటికి వెళ్ళిపోవడం కూడా పూర్తి కచేరీయే, నిద్ర వస్తే ఒడిలో పడుకోనివ్వండి. ఫోన్‌లో వీడియో తీయడం మాత్రం మానండి, ఎందుకంటే మీరు తెర వైపు చూస్తుంటే పిల్లలు కూడా తెరనే చూస్తారు.

కచేరీ కంటే కూడా నేను ఎక్కువగా సిఫారసు చేసేది రిహార్సల్. కండక్టర్ నాలుగు స్వరాలు వాయింపించి ఆపుతాడు, "హార్న్‌లు కొంచెం తగ్గించండి" అంటాడు, అదే చోటు మళ్ళీ, మళ్ళీ, ఇంకోసారి. చేయి తిరిగిన పెద్దవాళ్ళు విసుగు లేకుండా ఒకే వాక్యాన్ని పదిసార్లు వాయిస్తారు. ఇంట్లో సరళీ వరుసలు రెండోసారి వాయించమంటే కన్నీళ్ళు పెట్టుకునే పిల్లలు దీన్ని చూడాలి. సాధన అనేది చేతకానివారికి వేసే శిక్ష అని చాలామంది పిల్లలు లోలోపల నమ్ముతారు, మనం ఎన్ని చెప్పినా ఆ నమ్మకం పోదు, రిహార్సల్‌లో ఒక గంట కూర్చుంటే పోతుంది. ఏ బృందం వచ్చినా ముందుగా నిర్వాహకులకు మర్యాదగా ఒక ఉత్తరం రాసి, పిల్లలతో వచ్చి వెనుక నిశ్శబ్దంగా కూర్చోవచ్చా అని అడగండి. కాదంటే మనకు పోయేదేమీ లేదు.

ఈ నగరంలో పూర్తి ఆర్కెస్ట్రాలు తరచుగా వినిపించవు. భారతదేశంలో వృత్తిపరమైన సింఫనీ ఆర్కెస్ట్రా ముంబైలోని ఎన్‌సీపీఏ అనే కళాకేంద్రంలో 2006లో ఏర్పడిన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా. సెలవుల్లో ముంబై వెళ్ళే కుటుంబాలు దాని కార్యక్రమాల తేదీలు ముందే చూసుకోవచ్చు. చెన్నైలో చేత్‌పేటలోని సర్ ముత్తా వెంకటసుబ్బారావు హాలు, ఎగ్మూరులోని మ్యూజియం థియేటర్ ఇలాంటి సంగీతానికి అనువైన చోట్లు. మొదటిది మన తెలుగు పెద్దమనిషి పేరు మోస్తున్నదని పిల్లలకు చెప్పండి. 1893లో మొదలైన మద్రాస్ మ్యూజికల్ అసోసియేషన్ బృందగానం, ఏ.ఆర్.రెహమాన్ స్థాపించిన కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ విద్యార్థుల కచేరీలు, అక్కడే పేద కుటుంబాల పిల్లలు ఉచితంగా నేర్చుకుని వాయించే సన్‌షైన్ ఆర్కెస్ట్రా, ఇవన్నీ వెతుక్కుని వెళ్ళదగినవి. తన ఈడు పిల్ల చెల్లో పట్టుకుని కూర్చోవడం చూసిన పిల్లకు కలిగే ధైర్యం పెద్దవారి కచేరీ ఇవ్వలేదు. ఆర్కెస్ట్రా దొరకకపోతే నలుగురు వాయించే స్ట్రింగ్ క్వార్టెట్‌తో మొదలుపెట్టండి: రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో. పాట ఎవరి దగ్గర ఉందో నలుగురిలో కనిపెట్టడం ఎనభైమందిలో కనిపెట్టడం కంటే సులువు. వి.ఎస్.నరసింహన్ గారి మద్రాస్ స్ట్రింగ్ క్వార్టెట్ త్యాగరాజ కృతులను ఈ నాలుగు గొంతుల మధ్య పంచి వాయించింది. తెలుగు సాహిత్యం తెలిసిన ఇంటికి అంతకంటే దగ్గరి ద్వారం ఉండదు. ఇళయరాజా గారు స్వయంగా రాసిన సింఫనీ 2025 మార్చి 8న లండన్‌లో వేదిక ఎక్కింది, ఈ నగరపు స్టూడియోల్లో పెరిగిన కలం అది.

చివరిగా ఒక జాగ్రత్త. కచేరీ చూసి వచ్చిన రాత్రి పిల్లలు "నాకూ వయొలిన్ కావాలి" అంటారు. మరునాడే కొనకండి. రెండు మూడు నెలలు ఆగి, మరో కచేరీ చూసి, అప్పుడు కూడా అదే వాద్యం అడిగితే ఆలోచించండి. వయొలిన్, చెల్లో పావు, అర, ముప్పావు సైజుల్లో దొరుకుతాయి కాబట్టి ఆరేడేళ్ళకే మొదలుపెట్టవచ్చు. క్లారినెట్, ట్రంపెట్ వంటివాటికి ముందు పళ్ళు ఊడి మళ్ళీ వచ్చేదాకా ఆగడం మంచిది. బసూన్, వయోలా అడిగే పిల్లలు అరుదు, వాటిని నేర్పేవారు ఈ ఊళ్ళో ఇంకా అరుదు, కాని అలా అడిగిన పిల్లను మాత్రం నిరుత్సాహపరచకండి, ఎందుకంటే ఆ పిల్ల బృందం వెనుక వరుసల దాకా చూసి వచ్చింది. 1842లో మొదలై ఇప్పుడు అన్నా సాలైలో ఉన్న మ్యూజీ మ్యూజికల్ అనే వాద్యాల దుకాణానికి ఒకసారి తీసుకువెళ్ళి, వాద్యాల బరువు, పరిమాణం చేతితో తెలుసుకోనివ్వండి.

నా విద్యార్థులు ఈ రోజు ఒక వయొలిన్, ఒక వయోలా, ఒక చెల్లో తెచ్చి పక్క గదిలో సిద్ధంగా ఉన్నారు. పిల్లలు ఐదుగురేసి చొప్పున వెళ్ళి పట్టుకుని చూడవచ్చు, వాయించి చూడవచ్చు. కమాను వెంట్రుకలను మాత్రం వేళ్ళతో తాకకండి, చేతి జిడ్డు అంటితే తీగ మీద పట్టు తప్పి జారిపోతుంది. ఈలోగా ప్రశ్నలు తీసుకుంటాను. ముందు పిల్లలు అడగండి, పెద్దలవి ఆ తరువాత.